లౌనామా బురద

గురువారం ఉదయం పదిన్నరకు తైస్తో హక్కరైనెన్ ఇంటి బెల్లు మోగింది. గురువారం పదిన్నరకు తప్ప ఆ బెల్లు ఇంకెప్పుడూ మోగదు. తక్కిన వారమంతా ఆ మీట మీద ఒక సాలీడు కాపురం ఉంటుంది. బుధవారం సాయంత్రానికల్లా మూటాముల్లె సర్దుకుని పక్కకి తప్పుకుంటుంది కాబోలు, ఇన్నేళ్లలో ఒక్కసారీ బెల్లు నొక్కే మాస్టారి వేలి కింద పడలేదు.

తైస్తో అప్పటికే తలుపు వెనక నిలబడి ఉన్నాడు. అయినా వెంటనే తియ్యలేదు. మనసులో ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టాడు. బెల్లు కోసం కాచుక్కూచున్నాడని అవతలి మనిషి అనుకుంటే బాగుండదు గదా.

"ఇంట్లోనే ఉన్నావా?" అన్నాడు అహ్తి లౌనామా మాస్టారు.

"ఉన్నాను."

డెబ్బై నాలుగేళ్ల ఒంటిమనిషి, ముప్పై ఆరేళ్లు మట్టిరోడ్లు చదునుచేసే గ్రేడరు తోలి ఇంటిపట్టున చేరినవాడు, గురువారం ఉదయం ఇంట్లో కాక ఎక్కడుంటాడు? కానీ సర్కయోకిలో మాటలు పొదుపు. అడగాల్సింది ఒకటి అడగాలి, చెప్పాల్సింది ఒకటి చెప్పాలి. ఆ ఊళ్లో ఇద్దరు అన్నదమ్ములు ఒకే పడవలో ఇరవై ఏళ్లు చేపలు పట్టారట. ఇరవయ్యో ఏట తమ్ముడు "గాలి మళ్లింది" అంటే, "వాగుడుకాయ" అని అన్న మర్నాడు వేరే పడవ కొనుక్కున్నాడట. నమ్మితే నమ్మండి.

మాస్టారు చేతిలో అట్ట కేకుపెట్టె ఉంది. చేతిలో అనడం కన్నా గుండెల మీద అనడం నయం. రెండు చేతులతో అదిమిపెట్టుకుని తెచ్చాడు. ఏప్రిల్ చివర. ఇంటికప్పుల మీది మంచు కారి కారి అయిపోయింది. అయినా మాస్టారి చేతులకు ఉన్ని తొడుగులు అలాగే ఉన్నాయి.

పెట్టె బల్ల మీద దిగింది. మూత తీస్తే లోపల ముప్పై అయిదో వంతు కొలతకు దించిన యుద్ధపు ట్యాంకు. పైన తిరిగే గోపురం ఉండదు, ముందుకు పొడుచుకొచ్చిన ఫిరంగి మాత్రం ఉంటుంది. స్తుర్మి అంటారు దాన్ని. పక్కలకు పైన్ చెట్టు దుంగలు తాళ్లతో బిగించి ఉన్నాయి. ఆనాడు మనవాళ్లు శత్రువు గుండు నేరుగా తగలకుండా అలా కట్టుకుని నడిపారు. ఆకుపచ్చ, బూడిద, గోధుమరంగు పట్టీలు నిన్ననే వేసినట్టు తళతళ మెరుస్తున్నాయి. యుద్ధం మొహం చూడని ట్యాంకు. పక్కన ఒక బంగాళాదుంప, దానికి గుచ్చిన నాలుగు పళ్లపుల్లలు, పుల్లల కొనన నాలుగు తలకాయలు. ఒక్కొక్కటి బఠాణీ గింజంత. కళ్లూ లేవు, రంగూ లేదు.

"చిన్న పని," అన్నాడు మాస్టారు. "గంట కూడా పట్టదు. కాస్త బురద. కుర్రాళ్లకి మొహాలు."

"ఎల్లుండేగా ప్రదర్శన?"

"ఎల్లుండే."

తైస్తో కాఫీ పోశాడు. "సగం చాలు," అన్నాడు మాస్టారు ఎప్పటిలాగే. "డాక్టరు తగ్గించమన్నాడు." సగం కప్పును రెండు తొడుగుల మధ్య పట్టుకుని, మెడ వంచి, నోటినే కప్పు దగ్గరికి తీసుకెళ్లి తాగాడు. కిటికీలోంచి చూసి, "ఎదురింటి ముందు మంచు పోయింది," అన్నాడు. తైస్తో అవునన్నాడు. ముప్పావుగంట గడిచింది. మాస్టారు లేచి టోపీ పెట్టుకున్నాడు. తలుపు మూసుకున్నాక కూడా తైస్తో ఆ కుర్చీని బల్ల కిందికి తొయ్యలేదు. సాయంత్రం దాకా దాన్ని అలాగే ఉండనిస్తాడు. ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టుంటుంది.

మొదటేడు మాస్టారు అడిగింది చక్రాల మీద పిసరంత దుమ్ము. మరుసటేడు బురద. ఆపైన మొహాలు. ఈ మధ్య జిగురు మరకలు గీకడం, వంకరగా అతికిన దీపాలు ఊడదీసి మళ్లీ అతకడం కూడా ఆ గంటలోనే చేరాయి. పదకొండేళ్లు. పదకొండుసార్లూ సర్కయోకి నమూనాల సంఘం ప్రదర్శనలో మొదటి బహుమతి అహ్తి లౌనామాకే వచ్చింది. గెలిచిన నమూనాని ఏడాది పొడుగునా ఊరి లైబ్రరీలో గాజుపెట్టెలో ఉంచుతారు. ముందు ఒక కార్డు, కార్డు మీద పేరు. తైస్తో రోజూ అక్కడికి పేపరు చదవడానికి వెళతాడు. వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి తన బురదని చూసుకుంటాడు. పేరు కూడా చదువుతాడు, ఈరోజేమైనా మారిందేమో అన్నట్టు.

మాస్టారు వెళ్లాక తైస్తో అలమర మీదున్న ఎనామిలు బేసినును మెల్లగా పైకెత్తాడు. దాని కింద ఇంకొక ట్యాంకు ఉంది. చిన్నది, యుద్ధంలో అవతలివాళ్ల దగ్గర పట్టుకున్న రకం, మంచు కరిగే నాళ్ల మట్టిరోడ్డులో పొట్ట దాకా దిగబడిపోయింది. మనుషులు ముగ్గురు. ఒకడు పారతో తవ్వుతున్నాడు. ఒకడు ట్యాంకు మీద కూచుని బూటు విప్పి పాదానికి చుట్టుకున్న గుడ్డ పిండుకుంటున్నాడు. మూడోవాడు ఏ పనీ చెయ్యడం లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని రోడ్డు వంక చూస్తున్నాడు, ఎవరైనా వస్తారేమోనని. అక్టోబరు నుంచి ఆ ముగ్గురితోనే తైస్తో కాపురం. వాళ్లలోనూ ఎవడూ వాగుడుకాయ కాడు.

ఈసారి దరఖాస్తు కాగితం మీద తన పేరు తనే రాసుకున్నాడు. ఆ సంగతి మాస్టారికి చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. లేకపోతే వచ్చే గురువారం బెల్లు మోగకపోవచ్చు. ఒకసారి, ఒకే ఒకసారి, తన బురద ముందు తన పేరుండాలి. గురువారాలూ ఉండాలి. రెండూ కావాలంటే ఎలా కుదురుతుందో ఆయనకి బోధపడలేదు. అందుకని బేసిను మళ్లీ బోర్లించి స్తుర్మి పనిలో పడ్డాడు.

ముందు తళతళ పోగొట్టాలి. ముదురు గోధుమరంగు నూనెరంగుని టర్పెంటైనులో టీనీళ్లంత పలచగా కలిపి, సన్నకుంచె కొనతో రేకుల అతుకుల్లోకి వదిలాడు. రంగు తనంతట తనే అతుకు వెంట పాకిపోయింది. అది కాస్త ఆరాక గిన్నెలు తోమే స్పాంజి ముక్క చించి, నల్లగోధుమరంగులో ముంచి, సగానికి పైగా కాగితం మీద అద్దేసి, మిగిలిన తడితో అంచుల మీద తాటించాడు. అన్ని అంచుల మీదా కాదు. మనిషి ఎక్కేటప్పుడు ఏ కాలు ఎక్కడ వేస్తాడు, దిగేటప్పుడు ఏ చెయ్యి ఎక్కడ ఆనిస్తాడు, అక్కడే రంగు పోతుంది. ముప్పై ఆరేళ్లు గ్రేడరు ఎక్కి దిగినవాడికి అది పుస్తకంలో చూడాల్సిన పని లేదు.

తర్వాత బురద. కిటికీ గట్టు మీద జాము సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్క దాని మీదా కాగితం ముక్క: "యిలికిల రోడ్డు, మే, రెండు వానల తర్వాత." "ముస్తయోకి, అక్టోబరు." "చర్చి గుట్ట, ఎండ." యిలికిల మట్టి నీలం కలిసిన బూడిదరంగు బంకమన్ను. ముస్తయోకిది నల్లటి పీటు, చిత్తడిలో కుళ్లిన నాచుమట్టి. ఒకసారి యిలికిల రోడ్డులో పాలలారీ దిగబడితే పైకి లాగడానికి తొమ్మిది రోజులు పట్టిందని, అప్పటికి ట్యాంకులో పాలు జున్నయిపోతే డ్రైవరు రంపంతో కోసి ఊరందరికీ పంచాడని చెబుతారు. లాగింది తైస్తో గ్రేడరే. జున్ను మాత్రం తనకి రాలేదంటాడు.

మట్టిని మేజోడు గుడ్డలో జల్లించి, ప్లాస్టరు, జిగురు కలిపాడు. ముందు పాత బురద, పోయినవారానిది, తెల్లగా ఎండి పగుళ్లు పట్టినది. దాని మీద నిన్నటిది, ముదురు. అన్నిటి మీద ఇవాళ్టి తడి, చక్రాల మీదా గొలుసు మీదా మాత్రమే, వార్నీషు చుక్కతో. కొత్తవాళ్లు చేసే తప్పేమిటంటే బురద అంతా ఒకేరోజు పడినట్టు పూసేస్తారు.

శుక్రవారమంతా మొహాలు. కంటికి తెల్లరంగు వేస్తే బఠాణీగింజ దెయ్యంలా చూస్తుంది. ముందు చిన్న చీకటిగీత గియ్యాలి, గీత మీద వెంట్రుకవాసి మరక పెట్టాలి, అంతే. గడ్డాల మీద నీలంబూడిద. ఊపిరి బిగబట్టి ఒక కన్ను, ఊపిరి వదిలి మళ్లీ బిగబట్టి ఇంకో కన్ను. నాలుగోవాడి మొహం పూర్తయ్యేసరికి గంట పనికి పంతొమ్మిది గంటలైంది.

*

ప్రదర్శన కార్మిక భవనంలో. పొద్దున్నే తైస్తో కేకుపెట్టెలో తెచ్చిన స్తుర్మిని మాస్టారు గుమ్మంలోనే అందుకున్నాడు, ఖాళీ పెట్టె తైస్తో దగ్గరే ఉండిపోయింది. బల్లల మీద తెల్లకాగితం పరిచి నమూనాలు పెట్టారు. ముందు నంబర్లే ఉంటాయి, పేర్లుండవు. తైస్తోది పదిహేడు. పెట్టేసి వచ్చి కాఫీ బల్ల దగ్గర, యాలకుల బన్నుల పళ్లెం పక్కన నిలబడ్డాడు. అక్కణ్నుంచి పదిహేడు బాగా కనిపిస్తుంది, తను మటుకు బన్ను కోసం నిలబడ్డట్టుంటుంది.

తీర్పు చెప్పడానికి తాంపెరె నుంచి సొయిలె తుయోమికంగస్ అనే ఆవిడ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. మెడలో టార్చి, చేతిలో పళ్లడాక్టరు అద్దం. ట్యాంకుల పొట్ట కింద కూడా అద్దం పెట్టి చూసింది. పదిహేడు దగ్గర చాలాసేపు ఆగింది. వంగి, లేచి, మళ్లీ వంగింది. మూడోవాడి కళ్లలోకి టార్చి వేసింది. తైస్తో చేతిలో బన్ను పిండి పిండి అయిపోయింది.

రెండింటికి ఆవిడ వేదికెక్కి కాగితాలు చదివింది. విమానాలు కట్టే రైమో కొప్పెరోయినెన్‌కి, "చక్రాలు మరీ శుభ్రం, ఇది ఎగురుతూ పుట్టిందా?" అని పడింది. అందరూ ముసిముసిగా నవ్వారు. తర్వాత పదిహేడు.

"మనుషులు చక్కగా ఉన్నారు. రోడ్డు వంక చూసేవాణ్ణి మర్చిపోలేను," అంది సొయిలె. "కానీ ఒక మాట చెప్పకపోతే న్యాయం కాదు. బురదకి వయసు చూపించే ఈ పద్ధతిని మేమంతా లౌనామా బురద అంటాం. దీని మీద మా పత్రికలో నేను వ్యాసం కూడా రాశాను. పదిహేడో నంబరువారు దాన్ని అచ్చంగా దించేశారు. చెయ్యి బాగుంది, సొంతదనం లేదు. అందుకని పది మార్కులు తీసేశాను. ఈసారి మీ సొంత బురద తెండి."

చప్పట్లు. మర్యాదకి తైస్తో కూడా కొట్టాడు.

ఆ తర్వాత ఆయన అహ్తి మాస్టారి వైపు చూశాడు. మాస్టారు మొదటి వరసలో ఉన్నాడు. నోట్లో బన్ను ఉంది. దవడ ఆడడం లేదు. ఇటు తిరగలేదు.

మొదటి బహుమతి అహ్తి లౌనామాకి. పన్నెండోసారి. మాస్టారు తొడుగుల చేతులతో బహుమతి కప్పుని గుండెల మీద అదుముకున్నాడు. "రేపు పన్నెండింటికి," అని సొయిలె సంబరంగా ప్రకటించింది, "మాస్టారు తన బురదని మనందరి ముందూ చేసి చూపిస్తారు! కాదనకండి మాస్టారూ, తాంపెరెలో అందరికీ చెప్పేశాను." మాస్టారు ఏదో అన్నాడు. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు.

రైమో తైస్తో భుజం మీద తట్టాడు. "పదిహేడో నంబరు ఎవడోగానీ పాపం, మన మాస్టారి దగ్గరే దొంగతనమా?"

"ఎవడో మరి," అన్నాడు తైస్తో.

*

ఆ సాయంత్రం అయిదింటికి, ఇంకా బోలెడు ఎండ ఉండగానే, బెల్లు మోగింది. శనివారం! సాలీడు గతేమైందో తెలియదు. తైస్తో పది లెక్కపెట్టలేదు. లేచి తిన్నగా వెళ్లి తీశాడు.

మాస్టారు ఖాళీ చేతులతో వచ్చాడు. "ఇంట్లోనే ఉన్నావా?" అనలేదు. కోటు విప్పకుండానే కూచున్నాడు.

"నేర్పు," అన్నాడు.

"ఏం నేర్పాలి?"

"బురద."

"పన్నెండేళ్లుగా గెలుస్తున్నారు గదా మాస్టారూ. మీకు రాదా?"

తైస్తో పుట్టి బుద్ధెరిగాక ఒకరిని పొడిచిన మాట అదొక్కటే. అని, తనే బెదిరిపోయి, పొయ్యి మీది కాఫీ వైపు తిరిగాడు.

వెనక నుంచి టింగు టింగు టింగు మని చప్పుడు. తిరిగి చూస్తే మాస్టారు తొడుగులు తీసేశాడు. కుడిచేతిలో కుంచె ఉంది. కుంచెని యిలికిల సీసాలోకి దింపబోతున్నాడు, కుంచె కర్ర మాత్రం సీసా అంచుల్ని అటూ ఇటూ కొడుతోంది. ఎడంచేత్తో కుడిచేతిని పట్టుకున్నాడు. అప్పుడు రెండూ కలిసి కొట్టాయి.

తైస్తో ఆ చేతుల్ని చూశాడు. పెద్ద చేతులు, వడ్రంగం మాస్టారి చేతులు, బొటనవేలి మీద ఉలి గాటు. గాలిలేని ఇంట్లో ఆకుల్లా ఊగుతున్నాయి.

"డాక్టరు తగ్గించమన్నది కాఫీ కాదు," అన్నాడు మాస్టారు. "కప్పు నిండా పోస్తే ఒలికిపోతుంది."

"ఎన్నాళ్లయింది?"

"నీ గుమ్మం మొదటిసారి తొక్కిన ఏడాది, దాని ముందు చలికాలం."

"చెప్పచ్చుగా."

"ముప్పై ఏళ్లు ఈ ఊరి పిల్లలకి రంపం పట్టడం నేర్పాను. చెయ్యి వణక్కూడదురా వెధవల్లారా అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాను. వాళ్లంతా ఇప్పుడు నెరిసిన తలకాయలేసుకుని నా ఎదురుగా కాఫీ తాగుతున్నారు. ఏమని చెప్పను? చెప్తే నువ్వూ జాలిపడేవాడివి. జాలి నాకెందుకయ్యా? నాకు కావాల్సింది బురద."

తైస్తో కుర్చీ లాక్కుని కూచున్నాడు. 

"ఇవాళ ఆవిడ చదువుతుంటే మీరు బన్ను తింటున్నారు," అన్నాడు.

"తిన్లేదు. నోట్లో పెట్టుకున్నాను. మింగుడు పడలేదు."

"పదిహేడు నాదని తెలుసా?"

"పొద్దున్న భవనం తలుపు దగ్గర్నుంచి చూసినప్పుడే తెలుసు. ఆ బురద చూశాక పేరుతో పనేముంది?"

"తెలిసీ..."

"తెలిసే."

మాస్టారు కుంచెని బల్ల మీద పెట్టాడు. అది దొర్లి కింద పడింది. ఇద్దరూ దాని వంక చూశారుగానీ ఎవరూ తియ్యలేదు. రేపు పన్నెండింటికి ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. తైస్తో చెయ్యాల్సిందల్లా ఇంట్లో కూచోవడమే. నోరు విప్పనక్కర్లేదు, వేలు చూపించనక్కర్లేదు. పేరు దానంతటదే కార్డు మీదికి నడిచొస్తుంది. తర్వాత గురువారం వస్తుంది. పదిన్నర అవుతుంది. పదకొండవుతుంది.

"సీసాలు నేను తెస్తాను," అన్నాడు తైస్తో. "చెప్పేది మీరు చెప్పండి, కలిపేదీ పూసేదీ నేను. సాయానికొచ్చాననుకుంటారు. తొడుగులు తియ్యకండి."

మాస్టారు కోటు సర్దుకున్నాడు. లేచి టోపీ పెట్టుకున్నాడు. గుమ్మంలో ఆగి ఏదో అనబోయి, "ఎదురింటి ముందు నీళ్లు నిలిచాయి. చూసుకుని రా," అని వెళ్లిపోయాడు.

*

ఆదివారం పన్నెండింటికి కార్మిక భవనంలో నలభై మంది ఉన్నారు. ఇంకో అయిదుగురుంటే భవనమే కూలేదని రైమో ఇప్పటికీ చెబుతాడు. వేదిక మీద బల్ల, బల్ల మీద ఏడు జాము సీసాలు, మధ్యలో బురద పడని ఒక ఖాళీ ట్యాంకు. మాస్టారు నిలబడ్డాడు, పక్కన స్టూలు మీద తైస్తో.

మొదట్లో అంతా సాఫీగా నడిచింది. "ముందు పాత బురద," అని మాస్టారు చెప్పాడు, తైస్తో పూశాడు. "తర్వాత నిన్నటిది," తైస్తో పూశాడు. మాస్టారి గొంతు బడిలో లాగే ఖంగున మోగుతోంది. వెనక వరసలో ఒక ముసలాయన తెలియకుండానే వీపు నిటారు చేసుకున్నాడు.

"మాస్టారూ," అంది సొయిలె మొదటి వరసలోంచి, నోటుపుస్తకం తెరిచి. "ఆఖరి తడి ఒక్కటీ మీరే పుయ్యరూ? మీ చేతివాటం చూడాలని ఉంది."

"నేను పూస్తానండి," అన్నాడు తైస్తో గబగబా. "నాకు అలవాటే."

మాస్టారు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. ఒక తొడుగు లాగేశాడు. రెండోది పళ్లతో పట్టుకుని లాగాడు. రెండు చేతుల్నీ బల్ల మీద, సీసాల పక్కన, బోర్లా పెట్టాడు.

సీసాలు మోగడం మొదలుపెట్టాయి.

ముందు చర్చి గుట్ట మోగింది. దాన్ని తగులుకుని ముస్తయోకి, దాని పక్కన యిలికిల. ఏడు సీసాలూ ఒకదాన్నొకటి తాకుతూ సన్నగా, ఆగకుండా మోగుతున్నాయి.  మాస్టారు చేతులు తియ్యలేదు. వెనక వరస దాకా అందరూ వినేదాకా అలాగే ఉంచాడు.

"ఇదీ నా చేతివాటం," అన్నాడు. "లౌనామా బురద అనేది లేదమ్మా. నువ్వు మార్కులు తీసేసిన పదిహేడే అసలుది. నకలు నేను."

తొడుగులు జేబులో పెట్టుకున్నాడు. వేదిక దిగి, కుర్చీల మధ్య నుంచి, తొడుగుల్లేని చేతుల్ని పక్కల వదిలేసి నడిచి వెళ్లిపోయాడు. తలుపు తనంతట తనే మూసుకుంది.

వేదిక మీద తైస్తో మిగిలాడు. నలభై జతల కళ్లు. ముప్పై ఆరేళ్లు గ్రేడరులో ఒక్కడే కూచున్నవాడు, ఆ ఏళ్లన్నీ కలిపినా నలభై మందితో మాట్లాడి ఉండడు. కుంచె కొనన తడి బురద జారి చొక్కా మీద పడింది.

"మట్టికి వయసుంటుంది," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. సొయిలె నోటుపుస్తకం మూసేసి ఊరికే వింటోంది. అప్పుడాయన రెండు వానల తర్వాత యిలికిల రోడ్డు ఏ రంగులో ఉంటుందో చెప్పాడు. మంచు కింద నుంచి దారి ముందుగా ఎక్కడ మెత్తబడుతుందో, గొలుసు పళ్లలో ఏ మట్టి ఉండిపోతుందో, ఏది రాలిపోతుందో చెప్పాడు. పాలలారీ కథా చెప్పాడు, తొమ్మిది రోజులు పన్నెండయ్యాయి. గంటంపావు మాట్లాడాడు. సర్కయోకిలో పాస్టరు తప్ప అంతసేపు ఎవరూ మాట్లాడిన దాఖలా లేదు. చప్పట్లు కొడుతుంటే ఆయన తలుపు వైపు చూస్తున్నాడు.

తర్వాత సొయిలె దగ్గరికి వచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయింది. "క్షమించండి. మార్కుల కాగితం సిరాతో రాసేశాను, నిబంధనల ప్రకారం దిద్దకూడదు. కానీ కార్డు రాసేది నేనే. దాని మీద ఏం రాయాలో ఏ నిబంధనలోనూ లేదు."

*

బుధవారం సంఘం ఎప్పటిలాగే కూడింది. బాంబులు పడితే జనం దాక్కోవడానికి ఒక మేడ కింద కట్టిన నేలమాళిగ అది. బాంబులు పడక ఖాళీగా ఉంటే నమూనాలవాళ్లు చేరారు. మాస్టారి కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఎవరూ కూచోలేదు. రైమో తన విమానం తెచ్చి తైస్తో ముందు పెట్టాడు. "చక్రాలకి ఒక పిసరు... దొంగతనం అని వాగాను మొన్న. పట్టించుకోకు."

"పట్టించుకోలేదు," అన్నాడు తైస్తో. చక్రాలకి చర్చి గుట్ట దుమ్ము అద్దాడు.

గురువారం పదింటికే కాఫీ పెట్టాడు, ఇద్దరికి. పదిన్నరకు తలుపు వెనక నిలబడ్డాడు. పది లెక్కపెట్టాడు. వంద లెక్కపెట్టాడు. పదకొండింటికి తలుపు తీసి మీటని చూశాడు. సాలీడు మీట చుట్టూ నిక్షేపంగా కొత్త గూడు అల్లుకుంటోంది.

చొక్కా మార్చుకుని లైబ్రరీకి వెళ్లాడు. గాజుపెట్టెలో స్తుర్మి ఉంది. కార్డు మీద "అహ్తి లౌనామా" అని, దాని కింద అంతే పెద్ద అక్షరాలతో "బురద, ముఖాలు: తైస్తో హక్కరైనెన్" అని ఉంది. ఒకసారి చదివాడు. ఇంకొకసారి చదవాలనిపించలేదు. పన్నెండేళ్లు ఎదురుచూసిన పేరు. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. పేపరు చదవకుండానే బయటికొచ్చాడు.

ఇంటికొచ్చి బేసిను ఎత్తాడు. ముగ్గురూ అలాగే ఉన్నారు. ఒకడు తవ్వుతున్నాడు, ఒకడు గుడ్డ పిండుకుంటున్నాడు, ఒకడు రోడ్డు చూస్తున్నాడు. తైస్తో ఆ మూడోవాణ్ణి చాలాసేపు చూశాడు. నడుం మీద చేతులు పెట్టుకుని అలా నిలబడితే ట్యాంకు పైకొస్తుందా? అలమర కింద మాస్టారి కేకుపెట్టె ఉంది. ట్యాంకుని అందులో పెట్టి మూత వేశాడు.

మాస్టారి ఇల్లు నాలుగు వీధుల అవతల. పన్నెండేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. ఎదురింటి ముందు నీటిని చుట్టి, పెట్టెని గుండెల మీద అదుముకుని నడిచాడు. బెల్లు మీట ఇత్తడిది. నొక్కాడు.

లోపల అడుగుల చప్పుడు. గబగబా వచ్చింది, తలుపు దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. తలుపు తెరుచుకోలేదు.

తైస్తో బయట నిలబడి మెల్లగా లెక్కపెట్టాడు. సరిగ్గా పదికి తలుపు తెరుచుకుంది.

"ఇంట్లోనే ఉన్నారా?" అన్నాడు తైస్తో.

"ఉన్నాను," అన్నాడు మాస్టారు. చేతులు జేబుల్లో ఉన్నాయి.

"చిన్న పని మాస్టారూ. గంట కూడా పట్టదు. దీన్ని పైకి లాగాలంటే గొలుసుల కింద దుంగలు పరచాలి. ఏ కొమ్మ విరిచి పెట్టినా అగ్గిపుల్లల్లా ఉంటున్నాయి. ఏ చెట్టు కొమ్మ ఈ కొలతలో పైన్ దుంగలా కనిపిస్తుందో నాకు తెలీదు. కోసేది నేను కోస్తాను. చూసి చెప్పేవాళ్లు కావాలి."

మాస్టారు పెట్టె వంక చూశాడు, ఆయన వంక చూశాడు. "మట్టి మనిషివి, నీకు చెట్లేం తెలుసు," అన్నాడు. "లోపలికి రా."

కాఫీ మాస్టారే పోశాడు, జేబుల్లోంచి చేతులు తీసి, కప్పు నిండా. కప్పు బల్ల దాకా వచ్చేసరికి సగం కాఫీ సాసరులో ఉంది. మాస్టారు గుడ్డ కోసం తిరగబోయాడు. తైస్తో ఈలోగా సాసరు రెండు చేతులతో ఎత్తి, వెనకటి ముసలాళ్లు తాగినట్టు, ఊది, చప్పుడు చేస్తూ తాగాడు.

మాస్టారు కుర్చీలో కూచుని, కళ్లజోడు పెట్టుకుని, ట్యాంకు మీదికి వంగాడు. కళ్లు ఏమాత్రం వణకడం లేదు.

"జూనిపరు కొమ్మ తేవాలి," అన్నాడు. "ముసలిది." తర్వాత మూడోవాడి మొహంలోకి చూసి, "వీడు ఎవరి కోసం చూస్తున్నాడు?" అన్నాడు.

"పదిన్నర అయిందేమోనని చూస్తున్నాడు."

మాస్టారు గోడగడియారం వైపు తిరిగాడు. పన్నెండుంపావు.

"ఆలస్యమైంది," అన్నాడు.

"అయితే అయింది," అని తైస్తో సాసరు ముందుకు చాపాడు.